రియోకాన్‌లో ఒక రాత్రి: బుకింగ్ నుంచి గది ఖాళీ చేసేదాకా

రియోకాన్ అంటే జపాన్‌లో పాతపద్ధతి సత్రం. అక్కడ ధర మనిషి లెక్కన ఉంటుంది. రాత్రి భోజనం, పొద్దటి నాష్తా, వేడినీటి స్నానం, నేల మీద పరుపు అన్నీ అందులోనే. బుకింగ్ సైట్‌లో కనిపించిన అంకె గది మొత్తానిదనుకొని నలుగురు బయల్దేరితే లెక్క తలకిందులవుతుంది. మామూలు రియోకాన్‌లో రెండు పూటల తిండితో మనిషికి సుమారు 15,000 నుంచి 30,000 యెన్లు. శనివారం రాత్రికి, పండుగ సెలవులకు ఇంకా పైన. యెన్ అంటే మన అర్ధ రూపాయికి కాస్త ఎక్కువ. ఇది కాక స్నానపు పన్ను ఉంటుంది, చాలా ఊళ్ళలో పెద్దవాళ్ళకు రాత్రికి 150 యెన్లు. ఇంత పెట్టి ఒక్క రాత్రి ఉంటే చాలు. ప్రయాణమంతా రియోకాన్లలోనే గడపాలనుకుంటే డబ్బూ పోతుంది, మూడో రోజుకు ఆ పద్ధతుల మీద విసుగూ వస్తుంది.

మన బడులకు ఎండాకాలం సెలవులిచ్చేది ఏప్రిల్ చివర్లో. సరిగ్గా అప్పుడే జపాన్ వాళ్ళకు గోల్డెన్ వీక్ అనే సెలవుల వారం, ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా. ఆ వారంలో గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. మే రెండో వారానికి జరుపుకోండి, లేదా దసరా సెలవుల్లో వెళ్ళండి. ఆగస్టు నడుమ చనిపోయిన పెద్దలను తలుచుకునే ఓబోన్ పండుగ, కొత్త సంవత్సరం రోజులు కూడా ఇంతే.

హైదరాబాద్‌లో విమానమెక్కి జపాన్‌లో దిగిన రోజే రియోకాన్ బస పెట్టుకోవద్దు. గది మధ్యాహ్నం 3 గంటలకు ఇస్తారు, రాత్రి భోజనం 6కో 7కో వడ్డిస్తారు. విమానం ఆలస్యమై, కొండ మీదికి చివరి బస్సు తప్పిపోయి, రాత్రి 9కి చేరితే వంటిల్లు మూసేసి ఉంటుంది. తినని భోజనానికి డబ్బు తిరిగి రాదు. మొదటి రెండు రాత్రులు మామూలు హోటల్లో ఉండి ఆ తర్వాత వెళ్ళండి. పెద్ద సూట్‌కేసులను హోటల్ నుంచే కొరియర్‌లో తర్వాతి ఊరి హోటల్‌కు పంపించేయొచ్చు. తక్క్యూబిన్ అంటారు దీన్ని, చాలాచోట్లకు మర్నాటికి చేరుతుంది. చేతిలో ఒక చిన్న బ్యాగు ఉంచుకుంటే సరిపోతుంది. పాస్‌పోర్టు మాత్రం ఆ చిన్న బ్యాగులోనే ఉండాలి, బయటి దేశం వాళ్ళ పాస్‌పోర్టు కాపీ తీసుకోవడం అక్కడి నియమం.

వేడినీటి ఊటలున్న ఊరి ఎంపిక మీ దారిని బట్టి. టోక్యోలో ఉంటే దగ్గర్లోది హకొనే, అక్కడి షిన్‌జుకు స్టేషన్‌లో రొమాన్స్‌కార్ రైలెక్కితే దాదాపు గంటన్నరలో హకొనే-యుమోతో స్టేషన్‌లో దిగొచ్చు. క్యోటో వైపు ఉంటే కినొసాకి, రైలులో రెండున్నర గంటలు. అక్కడ ఊళ్ళో ఏడు ఉమ్మడి స్నానశాలలు ఉంటాయి, రియోకాన్‌లో దిగినవాళ్ళు యుకాతా అనే పొడుగాటి నూలు అంగీ కట్టుకొని ఒక్కోదానికి తిరుగుతారు. కుసత్సు అనే ఊరి ఊట నీళ్ళు ఘాటైన ఆమ్లం, పీహెచ్ 2 దగ్గర. తొలిసారి వెళ్ళేవాళ్ళకు, సున్నితమైన చర్మం ఉన్నవాళ్ళకు అది వద్దు.

తిండి సంగతి బుకింగ్ రోజే తేల్చుకోవాలి

మనవాళ్ళకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. "వెజిటేరియన్" అని రాస్తే వాళ్ళు మాంసం తీసేస్తారు, అంతవరకే. జపాన్ వంటలో చారుకైనా, ఉడికించిన కూరగాయకైనా, టోఫు మీద పోసే రసానికైనా మూలం దాషి. అది ఎక్కువగా ఎండబెట్టిన బొనీటో చేప తురుముతో కాస్తారు. పళ్ళెంలో చేప ముక్క కనిపించదు, కానీ చేప ఉంటుంది. అందుకే కూర పేర్లు కాకుండా తినని వస్తువుల పేర్లు రాసి పంపాలి: మాంసం, చేప, రొయ్యలు, పీతలు, చేప దాషి. గుడ్డు తింటారా లేదా అన్నది విడిగా రాయండి. హలాల్ పాటించేవాళ్ళు పంది మాంసంతో పాటు మిరిన్, సాకే కూడా రాయాలి. ఇవి వంటలో పోసే మద్యాలు, పులుసుల్లో తెలియకుండా కలిసిపోతాయి.

ఈ మాట కనీసం వారం ముందు చేరాలి. కైసెకి అనే ఆ భోజనంలో చిన్న చిన్న గిన్నెల్లో పది పన్నెండు రకాలు వస్తాయి, సరుకు ముందే తెప్పించుకుంటారు. ఆ సాయంత్రం చెప్తే వంటవాడు చేయగలిగింది ఉత్త అన్నం, ఊరగాయ ముక్కలు. కొన్ని రియోకాన్లు "మావల్ల కాదు" అని నేరుగా రాస్తాయి. ఆ జవాబు మంచిదే, ఇంకోటి వెతుక్కోవచ్చు, లేదా భోజనం లేని ప్లాన్ తీసుకొని ఊళ్ళో తినొచ్చు. అక్కడికి వెళ్ళాక చెప్పాల్సి వస్తే ఈ వాక్యం పనికొస్తుంది: "నికు మో సకానా మో తబెమసెన్. కత్సువో దాషి మో దామే దెసు." మాంసం, చేప తినం, బొనీటో దాషి కూడా వద్దు అని అర్థం.

నవంబర్ నుంచి మార్చి దాకా కినొసాకిలో పీతల కాలం. అప్పుడు భోజనమంతా పీతల చుట్టే తిరుగుతుంది, శాకాహారులు ఆ నెలల్లో అక్కడ భోజనంతో బుక్ చేసుకోవడం దండగ. ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టని వాళ్ళకు కోయాసాన్ కొండ మీది ఆలయాల బసలు సరిపోతాయి, అక్కడ బౌద్ధ సన్యాసుల శాకాహారమే పెడతారు. అయితే వాటిలో చాలావాటికి వేడినీటి ఊట ఉండదు.

అన్నం చివర్లో వస్తుంది. మొదటి గిన్నె నుంచి అన్నం, మిసో చారు వచ్చేదాకా గంట, గంటన్నర పడుతుంది. షుగర్ మాత్ర వేసుకొని లేదా ఇన్సులిన్ తీసుకొని కూర్చునే పెద్దవాళ్ళుంటే ఇది చిన్న విషయం కాదు. "గోహాన్ వో సకి ని ఒనెగై షిమాసు" అంటే అన్నం ముందే తెచ్చిపెడతారు. చాప్‌స్టిక్స్ రాకపోతే చెంచా అడగడానికి మొహమాటం అక్కర్లేదు. చాప్‌స్టిక్స్ వాడితే మాత్రం అన్నంలో నిలువుగా గుచ్చి వదలకండి, చనిపోయినవాళ్ళకు పెట్టే అన్నంలోనే అట్లా గుచ్చుతారు.

ఇంటినుంచి పచ్చడి తీసుకుపోవడం మనకు మామూలే. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం బ్యాగులో పెట్టొద్దు. మాంసంతో చేసినవేవీ జపాన్‌లోకి రానివ్వరు, దొరికితే జరిమానా గట్టిగా ఉంటుంది. తాజా పండ్లు, పచ్చి కరివేపాకు కూడా మొక్కల తనిఖీ ధ్రువపత్రం లేకుండా పోనివ్వరు.

గడప దగ్గర నుంచి గది దాకా

గడప దగ్గరే బూట్లు విప్పాలి, ఇది మనకు చెప్పాల్సిన పని లేదు. తికమక అంతా స్లిప్పర్లతో. వరండాలో వేసుకున్న స్లిప్పర్లను గది ముందు వదిలెయ్యాలి, గడ్డితో నేసిన తతామి మీద వట్టి కాళ్ళతో గానీ సాక్సులతో గానీ నడవాలి. టాయిలెట్ లోపల వేరే జత ఉంటుంది, అది అక్కడే ఉండిపోవాలి. మరిచిపోయి వాటితో గదిలోకి వచ్చేవాళ్ళే ఎక్కువ. సూట్‌కేస్ చక్రాలు కూడా తతామి మీద దొర్లించొద్దు, గడ్డి చిరుగుతుంది. గోడలో కాస్త ఎత్తుగా, పువ్వో బొమ్మో పెట్టి ఉన్న గూడు సామాను పెట్టుకునే చోటు కాదు.

యుకాతా కట్టేటప్పుడు ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి. తిరగేస్తే శవానికి కట్టినట్టు, సిబ్బంది ఆపి సరిచేస్తారు కూడా. మగవాళ్ళు నడికట్టు తుంటి దగ్గర, ఆడవాళ్ళు నడుము దగ్గర బిగిస్తారు. లోపల బనీనో టీషర్టో వేసుకోవచ్చు. పొడుగున్నవాళ్ళు పెద్ద సైజు అడగండి, మోకాళ్ళ దగ్గర ఆగిపోయిన యుకాతాలో భోజనానికి కూర్చోవడం ఇబ్బంది.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే బుకింగ్‌లోనే మంచాలున్న గది, కుర్చీ మీద భోజనం అడగాలి. నేల పరుపు పల్చగా ఉంటుంది. ఇంకోటి అడిగి ఒకదాని మీద ఒకటి వేసుకోవచ్చు.

స్నానం

జంపన్నవాగులో మునిగినా, కాళేశ్వరంలో మునిగినా మనం బట్టలతోనే మునుగుతాం. అక్కడ ఉమ్మడి స్నానశాలలో ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు, ఈత దుస్తులు కూడా ఒప్పుకోరు. మగవాళ్ళకు, ఆడవాళ్ళకు విడివిడిగా ఉంటాయి. ఇది కుదరదనుకునేవాళ్ళు కషికిరి అడగాలి. కుటుంబం వరకు తలుపు గడియ వేసుకొని వాడుకునే చిన్న స్నానాల గది అది, సాధారణంగా 45, 50 నిమిషాలకు ఇస్తారు. కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల కొన్ని వేల యెన్లు. గదిలో దిగగానే సమయం రాయించుకోవాలి, భోజనం తర్వాత అడిగితే అన్నీ నిండిపోయి ఉంటాయి. నిజానికి మన కుటుంబాలకు ఇదే హాయి.

ఉమ్మడి స్నానశాల గుమ్మానికి తెర వేలాడుతుంది, చాలాచోట్ల మగవాళ్ళకు నీలం, ఆడవాళ్ళకు ఎరుపు. రంగు ఒక్కదాన్నే నమ్మొద్దు. తెర మీది అక్షరం పై భాగంలో నాలుగు గడులు కనిపిస్తే మగవాళ్ళది. చాలాచోట్ల మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళ వైపు తెల్లారేసరికి అటుదిటు మార్చేస్తారు, ఎందుకంటే రెండు స్నానశాలలనూ అందరూ చూడాలని. పొద్దున నిద్రమత్తులో రాత్రి వెళ్ళిన తలుపులోకే నడిచేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు.

లోపల బట్టలు బుట్టలో పెట్టి చిన్న తువ్వాలుతో వెళ్ళాలి. ఫోన్ లాకర్‌లోనే ఉండాలి. మన పీట, చెంబు స్నానం గుర్తున్నవాళ్ళకు ఆ తర్వాతది సులువు: చిన్న స్టూలు మీద కూర్చొని, సబ్బుతో ఒళ్ళంతా రుద్దుకొని, నురగ చుక్క మిగలకుండా కడుక్కోవాలి. నిలబడి షవర్ వదిలితే పక్కవాళ్ళ మీద చిందుతుంది. తలకు కొబ్బరినూనె రాసుకొని ఉంటే షాంపూతో వదిలించాలి, లేకపోతే తొట్టిలో నూనె తెట్టు తేలుతుంది. పాదాలకు పసుపు, మెడలో పసుపుతాడు ఉన్నా అంతే, రంగు నీళ్ళలోకి దిగుతుంది. జుట్టు పైకి ముడి వేసుకోండి. చిన్న తువ్వాలు తొట్టి నీళ్ళలో తగలొద్దు, తల మీదో గట్టు మీదో ఉంచుకుంటారు.

నీళ్ళు 40 నుంచి 42 డిగ్రీలు ఉంటాయి. ముందు పాదాల నుంచి పైకి నాలుగు చెంబులు పోసుకొని, మెల్లగా దిగి, మొదటిసారి ఐదు నిమిషాలు చాలు. బయటికొచ్చి కాసేపు కూర్చొని మళ్ళీ దిగండి. కళ్ళు తిరిగేది ఎక్కువగా గబాల్న లేచినప్పుడు: వేడికి రక్తనాళాలు విచ్చుకొని బీపీ పడిపోతుంది. తాగి దిగడం, తిన్న వెంటనే దిగడం రెండూ ప్రమాదమే. బీపీ, గుండె మందులు వాడేవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడిగే వెళ్ళాలి. డైపర్ వేసే పిల్లలను ఉమ్మడి తొట్టిలోకి రానివ్వరు, నెలసరి రోజుల్లో కూడా దిగకూడదు. తిరిగి బట్టల గదిలోకి వచ్చే ముందు చిన్న తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకోండి, నేల తడవకూడదు.

వెండి గురించి విడిగా చెప్పాలి. గంధకం ఉన్న ఊటల్లో వెండి నిమిషాల్లో రంగు మారడం మొదలుపెడుతుంది, ముందు పసుపు, తర్వాత గోధుమ, చివరికి నలుపు. మెట్టెలు, పట్టీలు గదిలోనే తీసి పెట్టుకోవాలి. వేడికి వేళ్ళు ఉబ్బాక మెట్టెలు లాగితే రావు. కరీంనగర్ వెండి తీగ పనితో చేసిన కమ్మలు, లాకెట్లు ఉంటే ఇంకా జాగ్రత్త, ఆ సన్న తీగల చుట్టల మధ్యలోకి బ్రష్షు పోదు. బంగారంలో కలిపిన రాగి, వెండి కూడా మచ్చ పడొచ్చు. పుస్తెలు తీయని వాళ్ళు గంధకం లేని ఊటనే ఎంచుకోవడం మేలు. కుళ్ళిన గుడ్డు వాసన గుర్తు, లేదా "ఇయో దెసు కా" అని అడగండి, ఇయో అంటే గంధకం. నల్లబడినా వెండి పాడైనట్టు కాదు: గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వేడినీళ్ళు, ఒక చెంచా వంటసోడా వేసి, వెండి రేకుకు తగిలేలా ఉంచితే నలుపు వదులుతుంది. రాళ్ళు, ముత్యాలు పొదిగినవి మాత్రం అందులో వేయొద్దు.

పచ్చబొట్టు ఉన్నవాళ్ళను చాలాచోట్ల ఉమ్మడి స్నానానికి రానివ్వరు. నాయినమ్మ చేతి మీది పాతకాలపు చుక్కలైనా, మోచేతి మీద రాయించుకున్న పేరైనా, నిర్ణయం కౌంటర్‌లో ఉన్నవాళ్ళదే. చిన్నదైతే చర్మం రంగు స్టికర్‌తో కప్పితే చాలామంది ఒప్పుకుంటారు, ముందే రాసి అడగండి. కినొసాకి ఏడు స్నానశాలల్లో ఈ పట్టింపు లేదు. పెళ్ళి గోరింటాకు చెరగక ముందే వెళ్ళే కొత్త జంటలు కూడా అడిగి వెళ్ళడం మంచిది, దాన్ని పచ్చబొట్టే అనుకోవచ్చు.

పొద్దున

భోజనానికి వెళ్ళొచ్చేసరికి పరుపులు వేసి ఉంటాయి, పొద్దున వాటిని మడవాల్సిన పని లేదు. నాష్తా 8 గంటల ప్రాంతంలో: అన్నం, మిసో చారు, కాల్చిన చేప, గుడ్డట్టు, ఒక్కోసారి పచ్చి గుడ్డు. శాకాహారం సంగతి రాత్రి భోజనానికే అనుకొని వంటిల్లు దీన్ని మరిచిపోవచ్చు, రాత్రే ఇంకోసారి గుర్తుచేయండి. 10 గంటలకు గది ఖాళీ చేయాలి. ఫ్రిజ్‌లో తాగినవి, స్నానపు పన్ను లెక్క అప్పుడే కడతారు. చిన్న ఊళ్ళలో కార్డు పనిచేయకపోవచ్చు, కాస్త నగదు ఉంచుకోండి. టిప్ ఇవ్వనక్కర్లేదు. స్టేషన్‌కు రియోకాన్ వ్యాన్ ఉంటే దానికి రాత్రే పేరు రాయించాలి, పొద్దున అడిగితే సీట్లు అయిపోయి టాక్సీ డబ్బులు పడతాయి.