కాగితంలాంటి తెర ఉన్న ట్యాబ్ కొనేముందు

గుంటూరులో ప్రూఫులు దిద్దే పని నాది, రోజంతా పీడీఎఫ్‌లతోనే. నన్నడిగితే ట్యాబ్‌ని షాపు లైట్ల కింద చూడొద్దు. బయట ఎండలోకి తెచ్చి, బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించండి. అక్షరాలు ఇంకా చదవగలిగితే బయటి వెలుగుతో పనిచేసే తెర. నల్లబడితే, పేరులో పేపర్ అని ఉన్నా, గరుకు పొర వేసిన మామూలు ఎల్‌సీడీయే.

బయటి వెలుగుతో పనిచేసే తెరల్లోనూ రెండు రకాలు. ఈ-ఇంక్‌లో నల్ల, తెల్ల రేణువులు కరెంటుతో పైకీ కిందికీ కదులుతాయి. పేజీ మారినప్పుడే కరెంటు ఖర్చు, అందుకే చార్జింగ్ టెన్షన్ తక్కువ. వీడియోలకు మాత్రం దండగ. రెండోది రిఫ్లెక్టివ్ ఎల్‌సీడీ, అంటే బయటి వెలుగునే తిప్పికొట్టి చూపే ఎల్‌సీడీ. ఇది చకచకా కదులుతుంది కానీ గదిలో మసగ్గా ఉంటుంది.

మీ తెలుగు పీడీఎఫ్ ఒకటి తెరిచి ‘రాష్ట్రం’ అన్న మాట చూడండి. ష కింద ట ఒత్తు, ర ఒత్తు విడివిడిగా కనిపించాలి. కెలీడో 3 అనే రంగుల ఈ-ఇంక్ తెరలో నలుపు తెలుపు అంగుళానికి 300 చుక్కలైతే రంగు 150 మాత్రమే. ఎర్ర సిరా దిద్దుబాట్లు అక్కడే అలుక్కుపోతాయి. నాలుగైదు పేజీలు గబగబా తిప్పి, పాత అక్షరాల నీడ మిగిలితే రిఫ్రెష్ నొక్కండి. అప్పటికీ పోకపోతే ఆ పీసు వద్దనండి.