చేతి గేముల పాటలు మిడి ఫైళ్ళుగా – 3వ పాఠం: బైట్లలో దాగిన సరిగమలు

పోయిన పాఠంలో మన సొంత కార్ట్రిడ్జ్ నుంచి గేమ్ బాయ్ అడ్వాన్స్ (నింటెండో చేతి గేమ్ యంత్రం) ఆట ఫైలును కంప్యూటర్‌లోకి తీసుకున్నాం. ఇప్పుడు అందులోంచి పాటను మిడి ఫైలుగా, అంటే శబ్దం కాకుండా ఏ స్వరం ఎప్పుడు ఎంతసేపు మోగాలో రాసి ఉండే ఫైలుగా, బయటికి తీద్దాం.

ఎంపీ3 పాటను మిడిగా మార్చమంటే సాఫ్ట్‌వేర్ చెవితో విని ఊహించాలి. సాంబారు రుచి చూసి అందులో ఏమేం వేశారో చెప్పడం లాంటిదన్నమాట. మన పని అంత కష్టం కాదు. ఈ గేముల్లో చాలావాటికి నింటెండో ఇచ్చిన సౌండ్ డ్రైవరే (గేములో పాటను మోగించే ప్రోగ్రామ్) వాడారు. 2002లో వచ్చిన పోకెమాన్ రూబీ, సఫైర్‌లలోనూ అదే. అందులో పాట రికార్డింగ్‌గా ఉండదు, స్వరాల చిట్టాగా ఉంటుంది. అంటే వంట రాసుకున్న కాగితమే మన చేతిలో ఉంది. దాన్ని వేరే లిపిలోకి ఎత్తి రాయడమే మిగిలింది.

ఆ పని వీజీఎంట్రాన్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ చేస్తుంది. ఫైలును దాని కిటికీలోకి లాగి వదిలితే దొరికిన పాటల జాబితా వస్తుంది. ఒకదాన్ని మోగించి చూసి, రైట్ క్లిక్ చేసి మిడిగా సేవ్ చేయండి. పక్కనే వాయిద్యాల శబ్దాలను ఎస్ఎఫ్2 ఫైలుగా కూడా సేవ్ చేసుకోండి, కాసేపట్లో దాని అవసరం పడుతుంది. జాబితా ఖాళీగా వస్తే ఆ గేమ్ కంపెనీ సొంత డ్రైవర్ రాసుకుని ఉండొచ్చు. దాంతో ఇప్పుడు కుస్తీ పట్టకండి, వేరే గేమ్ చూడండి.

బటన్ నొక్కితే అయిపోయే పనికి పాఠం ఎందుకంటారా? లోపల ఏం జరుగుతోందో ఒక్కసారి చేత్తో విప్పి చూస్తే, తర్వాత తప్పు ఎక్కడొచ్చినా టెన్షన్ పడరు. నేను రాసిన ఈ చిన్న ట్రాక్ చూడండి. మామూలుగా ఈ బైట్లను, అంటే ఫైలులో వరసగా ఉండే అంకెలను, పదహారు ఆధారంగా ఉండే లెక్కలో రాస్తారు, ఇక్కడ మనకు అలవాటైన అంకెలే వాడుతున్నాను:

187 60 189 48 190 100 231 60 100 152 62 152 64 152 177

187 అంటే టెంపో. పక్కనున్న 60ని రెట్టింపు చేయాలి, నిమిషానికి 120 బీట్లు. డ్రైవర్ సగమే దాస్తుంది. 189 వాయిద్యం నంబర్, 190 వాల్యూమ్. 231 దగ్గర స్వరం మొదలు. 208 అంటే ఒక టిక్కు (డ్రైవర్ కాలాన్ని కొలిచే చిన్న ముక్క) పొడవు, అక్కడి నుంచి లెక్కపెడితే 231 అంటే 24 టిక్కులు, అంటే సరిగ్గా ఒక బీట్. 60 స్వరం, 100 దాని బలం. 152లోంచి 128 తీసేస్తే 24, అంటే 24 టిక్కులు ఆగమని. (24 టిక్కుల వరకే ఈ లెక్కలు ఇంత తిన్నగా ఉంటాయి.)

తర్వాత 62 ఒంటరిగా ఉంది, ఆజ్ఞ ఏదీ? 128 కంటే చిన్న అంకె వస్తే పాత ఆజ్ఞే కొనసాగుతుంది, బలమూ పాతదే. జాగా ఆదా చేయడానికి ఈ పొదుపు. 177తో ట్రాక్ ముగుస్తుంది. అక్కడ 178 ఉంటే వెనక్కి వెళ్ళి మళ్ళీ వాయించమని, గేమ్ పాట ఆగకుండా తిరిగేది అందుకే.

60, 62, 64. సంగీతం వచ్చినవాళ్ళు ఈపాటికే పట్టేసి ఉంటారు: 60ని షడ్జం చేస్తే శంకరాభరణంలో స రి గ.

నేను మొదటిసారి సేవ్ చేసిన మిడి తెరిస్తే డ్రమ్స్ అన్నీ పియానోలో మోగాయి. పిల్లి మెట్ల మీద పరిగెత్తినట్టుంది! కారణం సులువే. మిడి లోకంలో డ్రమ్స్‌కి 10వ ఛానెల్ కేటాయించారు, గేముకు ఆ పట్టింపు లేదు. వాయిద్యం నంబర్లూ అంతే. మామూలు మిడిలో 48 తంత్రీ వాయిద్యాల బృందం, గేములో అది వేణువైనా కావచ్చు. ఇందాక దాచిన ఎస్ఎఫ్2 ఫైలును మిడితో పాటు లోడ్ చేస్తే ఎవరి గొంతు వారికొస్తుంది.

ఇంకో మాట. మిడిని నేరుగా మ్యూజ్‌స్కోర్‌లో (స్వరాలను కాగితం మీద రాసినట్టు చూపే ప్రోగ్రామ్) తెరవకండి. చాలా పాటల్లో బీట్ నిండకముందే, 22 టిక్కులకే స్వరం ఆపేస్తారు. ఆ ఖాళీలన్నీ చిన్న చిన్న విరామాలై కాగితం నిండా చీమలు పాకినట్టుంటుంది. ముందు ఎల్ఎంఎంఎస్ లాంటి సంగీతం తయారుచేసే ప్రోగ్రామ్‌లో పియానో రోల్ (స్వరాలు పొడవాటి గీతలుగా కనిపించే చోటు) తెరిచి పొడవులు సరిచేసుకోండి.

ఇంటిపని: కింది ట్రాక్‌ను కాగితం మీద విప్పండి. చివరి స్వరం దగ్గర చిన్న మెలిక ఉంది, వచ్చే పాఠం అక్కడి నుంచే.

187 45 189 5 219 67 90 140 65 140 64 140 62 140 60 152 177