మిరప మొక్క జన్యురూపం కనిపెట్టడం ఎలా?

జన్యురూపమంటే ఒక లక్షణానికి మొక్కలో ఉండే జన్యువుల జత. దాన్ని తేల్చే పరీక్షను జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ బఠానీలతో చేశాడు. గుంటూరులో ఉండి బఠానీల వెంట పడటమెందుకు, డాబా మీద రెండు మిరప కుండీలుంటే చాలు.

మిరపలో కాయ కిందికి వేలాడటం బహిర్గత లక్షణం, అంటే జతలో దాని జన్యువు ఒక్కటున్నా బయటపడుతుంది. పైకి నిక్కి ఉండటం అంతర్గత లక్షణం, జతలో రెండూ దాని జన్యువులైతేనే కనిపిస్తుంది. మొదటి దాని జన్యువును ‘వే’ అనీ, రెండో దాన్ని ‘ని’ అనీ అనుకుందాం. నిక్కి కాసే మొక్క ని–ని, అందులో అనుమానం లేదు. చిక్కంతా వేలాడే మొక్కతోనే. అది వే–వే కావచ్చు, వే–ని కావచ్చు, చూడటానికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. దాన్ని ని–ని మొక్కతో కలపడమే పరీక్షా సంకరణం. ని–ని మొక్క ఇవ్వగలిగింది ‘ని’ ఒక్కటే కాబట్టి, రెండో మొక్క ఏం ఇచ్చిందో పిల్లల్లో దాగకుండా తెలిసిపోతుంది.

రెండు మొక్కలూ ఒకే జాతివై ఉండాలి. కాయలు అడ్డంగా నిలిచే మొక్కను తీసుకోకండి, లెక్క తేలదు.

అనుమానమున్న మొక్కను తల్లిగా పెట్టుకోండి. మర్నాడు విచ్చుకునే మొగ్గను సాయంత్రం పట్టుకుని, రేకులు మెల్లగా విడదీసి, సన్నని పట్టకారుతో ఐదారు పరాగకోశాలనూ (పుప్పొడి ఉండే తిత్తులను) తీసేయండి. మధ్యలోని కీలాన్ని తాకకూడదు. మొగ్గకు చిన్న కాగితం సంచి తొడిగి, కాడకు రంగు దారం కట్టండి. పొద్దున్నే నిక్కి కాసే మొక్క పువ్వులోని పుప్పొడిని కీలాగ్రానికి అద్ది, మళ్లీ సంచి తొడగండి. చెయ్యి తగిలిన పూలు చాలానే రాలిపోతాయి, పదింటికి చేస్తే రెండు నిలిచినా చాలు. ఒక్క కాయలోనే బోలెడు గింజలు దొరుకుతాయి. మన ఎండలకు వేసవిలో పూత నిలవదు కాబట్టి చలికాలంలో చేయండి.

మొదటిసారి నేను నిక్కి కాసే మొక్కను తల్లిగా పెట్టి దెబ్బతిన్నాను. ఎక్కడో ఒక పరాగకోశం మిగిలి, దాని పుప్పొడి దాని మీదే పడింది. నిక్కే పిల్లలు రావడంతో రెండో మొక్క వే–ని అని ఊరికే నింద వేశాను. వేలాడే మొక్క తల్లి అయితే ఈ మోసం ఉండదు. తన పుప్పొడి తనమీదే పడినా, అది వే–వే అయితే నిక్కే పిల్ల పుట్టదు.

ఆ తల్లి మొక్కకున్న కాయను చూసి మాత్రం ఏమీ తేల్చకండి, అది తల్లిలాగే వేలాడుతుంది. కాయ పండాక గింజలు నారు పోసి, ఆ పిల్ల మొక్కలు కాసేదాకా ఆగాలి.

పిల్లల్లో ఒక్కటి నిక్కి కాసినా తల్లి వే–ని. దాదాపు సగం నిక్కుతాయి. ముప్పాతిక వేలాడి పాతికే నిక్కితే, పుప్పొడి కలిసిపోయిందేమోనని చూసుకోండి. అన్నీ వేలాడితే లెక్క ఇలా చూడాలి: తల్లి వే–ని అయ్యుండి కూడా ఐదు పిల్లలూ వేలాడే అవకాశం 32లో ఒకటి, ఏడైతే 128లో ఒకటి. నేనైతే పది పెంచుతాను. అప్పుడది 1024లో ఒకటి.