ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పిన్‌కోడ్ చేర్చే విధానం: అందరూ ఆగిపోయేది ఎక్కడ?

ఈ మధ్య ఒకాయన అడిగారు: "మా వీధి పిన్‌కోడ్ ఓపెన్ మ్యాప్‌లో ఎక్కిస్తానని ఒకతను డబ్బు అడుగుతున్నాడు, ఇచ్చేదా?" ఇవ్వకండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో మొదలైనప్పటి నుంచీ జనం చేత్తో గీసుకుంటున్న పటం. అందులో రాయడానికి ఫీజు లేదు, ఏజెంటు లేడు, ఎవరి ముద్రా అక్కర్లేదు. డబ్బు తీసుకున్నవాడు చేసేది కూడా కింద చెప్పిన పదినిమిషాల పనే. పైగా వాడు తప్పు చేస్తే అది చెరిగిపోయేది మీ వీధి నుంచే.

ఒక్క ఇంటికో, దుకాణానికో కోడ్ చేర్చడం తేలిక. సైట్‌లో ఖాతా తెరవండి. ఈమెయిల్, ఒక పేరు చాలు, అసలు పేరే కానక్కర్లేదు. గుర్తింపు కార్డు అడగరు. మ్యాప్‌లో మీ చోటుకు వెళ్లి ఎడిట్ నొక్కితే బ్రౌజర్‌లోనే ఐడీ అనే ఎడిటర్ తెరుచుకుంటుంది. భవనం మీద నొక్కండి, చిరునామా గడుల్లో పోస్ట్‌కోడ్ గడి నింపండి, సేవ్ చేయండి. ఏం మార్చారో ఒక వాక్యం రాయమంటుంది. అక్కడే ఆ కోడ్ మీకెలా తెలిసిందో కూడా రాసేయండి. ఫోన్ నుంచి చేసేవాళ్లకు ఎవ్రీ డోర్, వెస్పుచ్చి యాప్‌లు ఉన్నాయి.

ఖాతా తెరిచేటప్పుడు ఒక అంగీకారం మీద నొక్కి ఉంటారు. అందరిలాగే చదవకుండానే నొక్కి ఉంటారనుకుంటాను. "నేను ఇందులో పెట్టే సమాచారాన్ని ఈ లైసెన్సు కింద పంచుకోనిచ్చే హక్కు, నాకు తెలిసినంతవరకు, నాకుంది" అన్నది అందులోని మాటల సారం. అంటే ఒక హామీపత్రం మీద ముందే సంతకం చేసేశారన్నమాట. ఇకపై వచ్చే చిక్కులన్నీ దాని చుట్టూనే.

దరఖాస్తుల అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ మరో పొరపాటు పడతారు. "పరిశీలనలో ఉంది" అన్న దశ ఈ మ్యాప్‌లో లేదు. సేవ్ నొక్కగానే మీరు రాసింది అందులో చేరిపోతుంది. అది చూసి ఆమోదం దొరికిందనుకుంటారు. పరిశీలన తర్వాత జరుగుతుంది, అదీ మరో వాలంటీరు కంటపడినప్పుడు. వారాలు, ఒక్కోసారి నెలలు గడిచాక "ఈ కోడ్‌లు ఎక్కడివి?" అని ఒక వ్యాఖ్య వస్తుంది. జవాబు లేకపోయినా, నప్పకపోయినా మొత్తం వెనక్కి తిప్పేస్తారు. హక్కుల గొడవ ఉన్న సమాచారమైతే డేటా వర్కింగ్ గ్రూప్ అనే బృందం పాత వెర్షన్లు కూడా కనిపించకుండా తీసేస్తుంది. నాకు తెలిసిన ఒకతను రెండు నెలలు రాత్రిళ్లు కూర్చుని ఎక్కించిన కోడ్‌లన్నీ ఇలాగే పోయాయి. వాటిలో ఒక్క అంకె కూడా తప్పు లేదు. వేరే వాణిజ్య మ్యాప్ చూసి రాయడమే అతను చేసిన తప్పు.

ఇంతకీ కోడ్ ఎక్కడి నుంచి తీసుకోవచ్చు? మీ ఇంటి కోడ్ మీకు తెలుసు, రాయండి. బజార్లో దుకాణం బోర్డు మీద మీ కళ్లతో చూసింది రాయొచ్చు. గూగుల్ మ్యాప్స్ చూసి రాయకూడదు, సరిచూసుకోవడానికి కూడా వాడకూడదు. తపాలా సంస్థ సైట్‌లో వెతికి రాయడం? చాలామంది బోల్తా పడేది ఇక్కడే. "ప్రభుత్వానిదే కదా, అందరికీ కనిపిస్తూనే ఉంది కదా" అంటారు. కనిపించడం వేరు, తీసుకోనివ్వడం వేరు. ఒక్క కోడ్ ఒక వాస్తవం, దాని మీద ఎవరికీ పట్టా ఉండకపోవచ్చు. కానీ లక్షల కోడ్‌లు పేర్చిన పట్టిక సంగతి వేరు. యూరప్‌లో 1996 నాటి డేటాబేస్ ఆదేశం అలాంటి పట్టికకు విడిగా హక్కు కల్పించింది. బ్రిటన్‌లో పూర్తి చిరునామాల ఫైలు అక్కడి తపాలా సంస్థ రాయల్ మెయిల్ సొత్తు, డబ్బు కట్టి కొనాలి. అందుకే అక్కడి వాలంటీర్లు ఏళ్ల తరబడి ఒక్కొక్క పోస్ట్‌కోడ్ తామే ఏరుకున్నారు. 2010 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డినెన్స్ సర్వే కోడ్-పాయింట్ ఓపెన్ అనే పోస్ట్‌కోడ్‌ల పట్టికను బయటపెట్టాకే ఊపిరాడింది.

కాబట్టి పట్టిక దొరికిన వెంటనే దాని లైసెన్సు వెతకండి. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏమీ రాసి లేకపోతే అనుమతి లేదనే అర్థం. "వాణిజ్యేతర వాడకానికి మాత్రమే" అని ఉంటే పక్కన పెట్టేయండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ఎవరైనా వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు, ఆ షరతు ఇక్కడ ఇమడదు. క్రియేటివ్ కామన్స్ సీసీ బై 4.0 (మూలకర్త పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనేది) అని ఉంటే మంచి లైసెన్సే కదా అని సంబరపడతాం. అదీ నేరుగా సరిపోదు. ఈ మ్యాప్ 2012 సెప్టెంబర్ నుంచి ఓడీబీఎల్ అనే లైసెన్సు కింద నడుస్తోంది. రెండింటి మధ్య రెండు చోట్ల పొత్తు కుదరదు: మూలకర్త పేరు ఎక్కడ చూపించాలి, ఇతరులు కాపీ చేసుకోకుండా అడ్డే సాంకేతిక తాళాలు వేసుకోవచ్చా లేదా అన్నవి.

ఆ ఖాళీ పూడ్చేదే మినహాయింపు లేఖ. దీని నమూనాను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫౌండేషన్ లైసెన్సు బృందమే తయారుచేసి పెట్టింది, కొత్తగా రాయక్కర్లేదు. అందులో హక్కుదారు ఒప్పుకోవాల్సింది రెండే సంగతులు. మ్యాప్ సైట్ తరఫున మూలాల జాబితాలో తమ పేరు ఉంటే చాలు, వాడిన ప్రతిచోటా వేయమని పట్టుబట్టం. తాళాల షరతును ఈ మ్యాప్ విషయంలో వదులుకుంటున్నాం.

లేఖ ఎవరిస్తారన్నది ఇంకా ముఖ్యం. హెల్ప్‌డెస్క్ నుంచి "సరే, వాడుకోండి" అని ఒక ఈమెయిల్ వస్తుంది. దాన్ని పట్టుకుని పని మొదలుపెట్టి దెబ్బతిన్నవాళ్లను చూశాను. జవాబిచ్చిన ఉద్యోగికి ఆ అధికారం ఉందా? ఆ పట్టిక ఆ శాఖ సొంతమా, మరొకరి దగ్గర తెచ్చుకున్నదా? ఈ రెండూ తేలాలి. "వాడుకోండి" అంటే సరిపోదు, ఓడీబీఎల్ కింద ఇతరులకు పంచడానికి కూడా ఒప్పుకుంటున్నట్టు ఉండాలి. జవాబు ఆలస్యమైతే కంగారు పడకండి. ఈలోపు తెలిసిన ఇళ్లకు చేత్తో చేర్చుకుంటూ పోవచ్చు, ఆ పనికి ఈ లేఖ అక్కర్లేదు.

లేఖ వచ్చినా, పట్టిక మొత్తాన్ని ఒక్కసారిగా ఎక్కించకూడదు. దాన్ని ఇంపోర్ట్ అంటారు, దాని నియమాలు వేరు. ఏం చేయబోతున్నారో ప్రాజెక్టు వికీలో పేజీ రాయాలి, లేఖను అక్కడ అందరికీ కనిపించేలా పెట్టాలి, ఆ ప్రాంతపు మ్యాపర్లతో చర్చించాలి, విడిగా ఒక ఖాతా తెరిచి దానితోనే ఎక్కించాలి. ఒక్కో చేంజ్‌సెట్‌లో, అంటే ఒక కట్టగా సేవ్ చేసే మార్పుల్లో, 10,000 మార్పులకు మించి పట్టవు. నన్నడిగితే అందులో పదోవంతు కూడా పెట్టొద్దు. తప్పు దొర్లితే వెనక్కి తీయాల్సింది మీరే.

ఇక కోడ్‌ను ఎక్కడ తగిలించాలన్నది. ఇల్లు, దుకాణం, ద్వారం అయితే చిరునామాలో భాగంగా. వీధి మొత్తానికి ఒకటే కోడ్ అయితే పోస్టల్ కోడ్ అనే విడి ట్యాగ్ (మ్యాప్‌లోని వస్తువుకు తగిలించే సమాచార చీటీ) ఉంది. హద్దులు గీయడం మాత్రం ఆలోచించి చేయాల్సిన పని. జర్మనీలో 1993లో వచ్చిన ఐదంకెల కోడ్‌లను హద్దులుగానే మ్యాప్‌లో గీశారు. అమెరికా పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్ అలా కాదు. అది ఉత్తరాలు పంచే దారుల సమాహారం, అందుకే అక్కడి జనగణన శాఖ తన లెక్కల కోసం జిప్‌లను పోలిన ప్రాంతాలను వేరుగా తయారుచేసుకుంది. నాలుగు బోర్డులు చూసి వాటి చుట్టూ గీత గీసేస్తే, ఆ గీత లోపలి ఇళ్లన్నిటికీ తప్పు కోడ్ అంటగట్టినట్టే. దగ్గరలోని కోడ్‌ను పక్కింటికి ఊహించి రాయడమూ అంతే.

అంకెల దగ్గర ఒక చిన్న గోతి. పట్టికను స్ప్రెడ్‌షీట్‌లో తెరిచారంటే మొదట ఉన్న సున్నాను అది మింగేస్తుంది. జర్మనీలోని డ్రెస్డెన్ నగరపు కోడ్ 01067 కాస్తా 1067 అవుతుంది. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి. మధ్యలో ఖాళీ వదలాలా వద్దా అన్నది ఆ దేశపు మ్యాపర్లు ఎలా రాస్తున్నారో చూసి అలాగే రాయండి.

ఇప్పటికే మీ పని వెనక్కి పోయిందా? కోపంతో మళ్లీ ఎక్కించకండి, ఖాతా ఆపేస్తారు. ఆ చేంజ్‌సెట్ కింద వ్యాఖ్య తెరిచి, ఏ కోడ్ ఎక్కడిదో ఉన్నదున్నట్టు రాయండి. సొంతంగా చూసి రాసినవి ఏవో, పట్టికలోంచి తెచ్చినవి ఏవో విడదీసి చెబితే మొదటి రకాన్ని తిరిగి పెట్టుకోనిస్తారు. అడిగిన మనిషి అధికారి కాదు, మీలాగే ఖాళీ వేళల్లో మ్యాప్ గీసేవారే. చాలాసార్లు ఆయనే కూర్చుని సాయం చేస్తారు.