నెల్లూరు ఎండల్లో సర్వర్ గది: కరెంటు బిల్లు తగ్గాలి, సర్వర్లు ఆగకూడదు

నెల్లూరులో ఒక ఆస్పత్రి సర్వర్ గదిని పదకొండేళ్లుగా చూసుకుంటున్నాను. రెండు ర్యాకులు, ఒక యూపీఎస్, రెండు ఏసీలు, అంతే. కానీ ల్యాబ్ రిపోర్టులు, మందుల బిల్లులు, స్కానింగులు అన్నీ దాని మీదే నడుస్తాయి. కొన్నేళ్ల కిందట రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. అరగంట రావాల్సిన యూపీఎస్ నాలుగు నిమిషాలకే ఆగిపోయింది. జనరేటర్ స్టార్ట్ కాలేదు. బిడ్డ రక్త పరీక్ష రిపోర్టు కోసం ఒక తల్లి మూడుసార్లు మెట్లెక్కి దిగడం చూశాను. ఆ రోజు తర్వాత ఒక్కొక్కటిగా చేసుకొచ్చిన పనులివి. స్కూల్లోనో, బ్యాంకులోనో, రొయ్యల ఫ్యాక్టరీలోనో ఇలాంటి గది చూసుకునేవాళ్లకు పనికొస్తాయి.

ముందు కొలవండి. గది మొత్తానికి ఒక ఎనర్జీ మీటరు, యూపీఎస్ నుంచి సర్వర్లకు వెళ్లే లైనుకు ఇంకొకటి పెట్టించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే పీయూఈ, అంటే గది కరెంటును ఎంత పొదుపుగా వాడుతోందో చెప్పే అంకె. 1కి ఎంత దగ్గరుంటే అంత మంచిది. మాకు మొదట రోజుకు 192 యూనిట్లు కాలితే, సర్వర్లకు అందింది 96. అంటే సరిగ్గా 2. సగం కరెంటు ఏసీలకు, యూపీఎస్ నష్టాలకే పోతోంది. ఒక జాగ్రత్త: పాత సర్వర్లు ఆపేస్తే మొత్తం యూనిట్లు తగ్గినా పీయూఈ పెరిగినట్టు కనిపించవచ్చు. అందుకే ఆ అంకె ఒక్కటే చూడకండి, మొత్తం యూనిట్లూ రాసుకోండి.

ఇక చల్లదనం. మా వాళ్లు ఏసీని 18లో పెట్టి, గదిలోకి వెళ్తే వణుకు పుడితేనే సర్వర్లు క్షేమం అనుకునేవాళ్లు. అమెరికాలోని ఆష్రే అనే ఏసీ ఇంజనీర్ల సంఘం చెప్పేది, సర్వరు ముందువైపు పీల్చుకునే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని. కాబట్టి థర్మామీటరు గోడకు కాదు, ర్యాకు ముందు, పై అర దగ్గర కట్టండి. వేడి గాలి అక్కడే తిరిగొస్తుంది. మాకు గోడ మీద 20 చూపిస్తుంటే అక్కడ 29 ఉంది! ఖాళీ అరలకు బ్లాంకింగ్ ప్యానెళ్లు (ఖాళీని మూసే పలకలు) బిగించి, కేబుళ్ల సందులు మూసి, ఏసీ గాలి ర్యాకు ముందుకే తగిలేలా తిప్పాం. ఆ తర్వాతే వారానికి ఒక డిగ్రీ చొప్పున సెట్టింగ్ 24కి తెచ్చాం. ఒక డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. అయితే 27 దాకా లాగకండి. చిన్న గదిలో ఏసీ ఆగితే నిమిషాల్లో వేడెక్కుతుంది, ఆ కాస్త వెసులుబాటు మీకు కావాలి. మే నెల మధ్యాహ్నం ఒక ఏసీ ఆపి, రెండోది ఒక్కటే గదిని మోయగలదో లేదో మీ కళ్లతో చూడండి.

బయటి గాలితో చల్లబరచమని చలిదేశాల సలహాలు చెబుతాయి. మన కోస్తాలో వద్దు. ఉప్పు, తేమ లోపలికొచ్చి బోర్డులను తినేస్తాయి. చీమకుర్తి వైపైతే గ్రానైట్ దుమ్ము. తలుపు మూసే ఉంచి, అవుట్‌డోర్ యూనిట్ రెక్కల్ని వేసవికి ముందు మంచినీళ్లతో కడిగించండి.

అన్నిటికంటే ఎక్కువగా చెప్పాలనుకున్నది బ్యాటరీల గురించి. ఆ రోజు మమ్మల్ని ముంచినవి అవే. మెట్ల కింద, ఏసీ లేనిచోట, 40 డిగ్రీల్లో ఉండేవి. మా ఎలక్ట్రీషియన్ అన్న వాటి మీద చెయ్యి పెట్టి, "తమ్ముడూ, ఇవి ఉడికిపోతున్నాయి. ఇంక నీకేం పనికొస్తాయి?" అన్నాడు. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. అక్కడినుంచి 8, 10 డిగ్రీలు పెరిగితే అది సుమారు సగమవుతుంది. వాటిని చల్లటి గదిలోకి మార్చండి, కాస్త గాలి ఆడేలా చూడండి. ప్రతి బ్యాటరీ మీద పెట్టిన తేదీ పెయింటుతో రాయండి. మూడు నెలలకోసారి, ముందే అందరికీ చెప్పి, మెయిన్ ఆపి ఎన్ని నిమిషాలు వస్తుందో నోట్ చేయండి. పాతవాటి మధ్య ఒక్క కొత్తది కలపొద్దు, పాతవి దాన్నీ త్వరగా పాడుచేస్తాయి.

జనరేటర్ని ఉత్తినే తిప్పితే పరీక్ష అయినట్టు కాదు. నెలకోసారి అసలు లోడు మీద అరగంట నడపండి, స్టార్టింగ్ బ్యాటరీ చూడండి. సర్వర్ గది ఏసీ జనరేటర్ లైనులో ఉందా? మాకు లేదు. చాలాచోట్ల ఉండదు. మిద్దె మీద సోలార్ పెట్టుకుంటే పగటి బిల్లు తగ్గుతుంది. అయితే మామూలు గ్రిడ్ సోలార్ కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది కాబట్టి దాన్ని బ్యాకప్ అనుకోవద్దు. ఎర్తింగ్ తీగ భూమిలోకి దిగే గుంత (ఎర్త్ పిట్) ఎండిపోకుండా ఎండాకాలం నీళ్లు పోయించండి.

పాత సర్వర్లు పని లేకున్నా గట్టిగానే కరెంటు తాగుతాయి. మూడింటి పనిని వర్చువలైజేషన్‌తో, అంటే ఒకే సర్వరును చాలా సర్వర్లలా పనిచేయించే సాఫ్ట్‌వేర్‌తో, ఒకదాని మీదికి తెచ్చాం. ఇప్పుడు మొత్తం 115 యూనిట్లు, సర్వర్లకు 72. రోజుకు 77 యూనిట్లు మిగిలాయి. మన గ్రిడ్ లెక్కన యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే రోజుకు 54 కిలోలు తగ్గినట్టు. ఆపేసిన సర్వర్లను పాత ఇనుము వాళ్లకు వేయకుండా, డిస్కులు చెరిపి, రిజిస్టరైన ఈ-వేస్ట్ రీసైక్లర్‌కే ఇవ్వండి.

2021 నవంబరులో పెన్నా పొంగి మా నెల్లూరు పక్కనే పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. అలాంటి రోజు కోసం సర్వర్లు, బ్యాటరీలు, డీజిల్ నేలకు ఎత్తులో పెట్టండి. ఇంటర్నెట్ ఇద్దరి దగ్గర తీసుకున్నా రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీదుగా వస్తున్నాయేమో వీధిలోకి వెళ్లి చూడండి. బ్యాకప్ కాపీ ఒకటి వేరే ఊళ్లో ఉంచి, నెలకో ఫైలు నిజంగా వెనక్కి తెచ్చి తెరవండి. ఏది ముందు ఆపాలి, ఏది చివర ఆపాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది కాగితం మీద రాసి తలుపు లోపలివైపు అంటించండి. కరెంటు పోయేసరికి డ్యూటీలో మీరు కాకుండా రాత్రి వాచ్‌మన్ ఒక్కడే ఉండొచ్చు, అతనికి అర్థమయ్యే తెలుగులో రాయండి.