ఇండో-గ్రీకు నాణెం చదవడం ఎలా

క్రీ.పూ. 250 ప్రాంతంలో డయోడోటస్ అనే గ్రీకు పాలకుడు, అలెగ్జాండర్ సేనాని సెల్యూకస్ స్థాపించిన సెల్యూసిడ్ సామ్రాజ్యం నుంచి విడిపోయి, బాక్ట్రియాను (ఇప్పటి ఉత్తర అఫ్గానిస్తాన్ ప్రాంతం) సొంత రాజ్యం చేసుకున్నాడు. ఆ తర్వాత బల్ఖ్ నుంచి పంజాబ్ దాకా ఏలిన గ్రీకు రాజుల్లో చాలామందికి నాణెం తప్ప వేరే సాక్ష్యం లేదు. కాబట్టి ఈ చరిత్ర మీద ఆసక్తి ఉంటే ముందు నాణెం చదవడం నేర్చుకోండి. నేనైతే ఆ రాజుల్లో ఒకడైన మెనాండర్ వెండి ద్రాక్మాతో (ద్రాక్మా అంటే ఒక రకం గ్రీకు నాణెం) మొదలుపెట్టమంటాను. మిలిందపన్హ అనే పాళీ బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువును ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసిన మిలిందుడు ఈయనే. ఫొటోలు మ్యూజియం వెబ్‌సైట్లలో బోలెడు దొరుకుతాయి.

బొమ్మ చూడాలని మనసు లాగుతుంది కానీ, ముందు పక్కనే రాసిన బరువు చూడండి. ద్రాక్మా 4 గ్రాములు దాటితే అది గ్రీకు తూకం, బాక్ట్రియా వైపుది. 2.4 గ్రాముల దగ్గర ఉంటే హిందూకుష్‌కి దక్షిణాన చెల్లిన తూకం. మెనాండర్‌వి మామూలుగా ఈ రెండో రకం.

ఇప్పుడు ముఖం. తలకు కట్టిన పట్టీ కొనలు మెడ వెనక వేలాడుతుంటాయి, అది రాజచిహ్నం. కొన్నిటి మీద రాజు మనకు వీపు చూపిస్తూ బల్లెం ఎత్తి ఉంటాడు. చుట్టూ గ్రీకు అక్షరాలు: పైన ‘బాసిలెయోస్ సోతెరోస్’, కింద ‘మెనాండ్రు’. రక్షకుడైన మెనాండర్ రాజుది అని అర్థం. వాళ్ల ‘స’ మన కళ్లకు నలిగిన ఇంగ్లీషు ‘E’లా కనబడి కాసేపు తికమక పెడుతుంది, అలవాటైపోతుంది.

తిప్పితే పిడుగు విసరబోతున్న గ్రీకు దేవత ఎథీనా, ఆమె చుట్టూ ఖరోష్ఠి, అంటే వాయవ్య భారతంలో వాడిన పాత లిపి. దీన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి: ‘మహరజస త్రతరస మెనద్రస’. గ్రీకులో ఉన్న మాటే ప్రాకృతంలో. 1830లలో జేమ్స్ ప్రిన్సెప్ లాంటి పండితులు ఖరోష్ఠి గుట్టు విప్పింది ఇలాంటి రెండు లిపుల నాణేలతోనే, మీరూ అదే దారిలో గ్రీకు పక్క ఆధారంగా ఒక్కో అక్షరం పట్టుకోవచ్చు.

దేవత పక్కన అక్షరాలు పెనవేసిన చిన్న గుర్తు ఉంటుంది. అది ఏదో ఊరి పేరు అనుకుని మ్యాపు గీసేయకండి, పండితులకే దాని మీద ఏకాభిప్రాయం లేదు. అలాగే ముక్కు పోలికలు చూసి తండ్రీకొడుకులని తేల్చేయడం నాకు అస్సలు నచ్చదు. వరస తేల్చడానికి నమ్మదగ్గది వేరే ఉంది: ఒక రాజు నాణెం మీదే మరో రాజు మళ్లీ ముద్ర కొట్టినప్పుడు, కింద పాత అక్షరాల ఆనవాళ్లు మిగులుతాయి. పైన కొట్టినవాడు కిందివాడికి ముందువాడు కాలేడు.

చేయి తిరిగాక అగాథోక్లిస్ అనే మరో గ్రీకు రాజు నాణెం చూడండి. అఫ్గానిస్తాన్‌లో ఆము దర్యా నది ఒడ్డున ఉన్న ప్రాచీన గ్రీకు నగరం ఐ ఖానూమ్‌లో 1970లో ఇలాంటివి ఆరు దొరికాయి. ఆకారం గుండ్రం కాదు, నలుపలక. గ్రీకు రాత ఉన్న వైపు నాగలి పట్టుకున్న బలరాముడు, బ్రాహ్మి ఉన్న వైపు చక్రంతో వాసుదేవుడు. నాటకశాల, వ్యాయామశాల కట్టుకున్న ఊళ్లో ఈ నాణెం ఎవరి చేతుల్లో తిరిగిందో ఆలోచిస్తూ ఆ నాగలిని జూమ్ చేసి చూడండి.

ఇంకోటి, వీటిని ఆన్‌లైన్‌లో కొనకండి. నకిలీలు విపరీతం. పైగా మన దేశంలో 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే, లైసెన్సు లేకుండా దాని వ్యాపారం నేరం.