పిల్లలతో కొండ ఎక్కేందుకు ముందుగా వేసుకోవలసిన లెక్కలు, చేసుకోవలసిన ఏర్పాట్లు

పిల్లలతో కొండ ప్రయాణాన్ని సాయంత్రం నుంచి ఉదయానికి, అంటే వెనక నుంచి ముందుకు లెక్క వేసుకోవాలి. పొద్దు వాలేలోగా అందరూ కొండ దిగి బండి దగ్గరికి చేరాలి. ఆ గడువులోంచి దిగడానికి పట్టే సమయం, పైన కూర్చుని తినడానికీ ఆడుకోవడానికీ పట్టే సమయం, అనుకోని ఆలస్యాలకు ఒక గంట తీసివేస్తే మిగిలేదే ఎక్కడానికి మనకున్న వ్యవధి. ఆ వ్యవధిలో గుంపులో అందరికంటే చిన్న బిడ్డ ఎంతవరకు నడవగలదో అంతవరకే ఆనాటి ప్రయాణం. శిఖరం అందులో ఇమిడితే సంతోషం. ఇమడకపోతే దారి మధ్యలో మంచి నీడా, చూడదగ్గ చోటూ ఉన్న దగ్గర ఆగి రావడానికి ముందే సిద్ధపడాలి.

నడకకు పట్టే సమయాన్ని అంచనా కట్టడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. దాన్ని మీటర్లలోకి మార్చి చెప్పుకుంటే, గంటకు 5 కిలోమీటర్ల నడక, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరొక గంట. ఇది ఆరోగ్యంగా ఉన్న పెద్దలు ఆగకుండా నడిచినప్పటి లెక్క కాబట్టి, ఆరేడేళ్ల పిల్లలు ఉన్నప్పుడు వచ్చిన సమయాన్ని రెట్టింపు చేసుకోవడం మేలు. ఉదాహరణకు మూడు కిలోమీటర్ల దారిలో 300 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే పెద్దలకు గంటా ఆరు నిమిషాలు, పిల్లలతో రెండుంపావు గంటలు పడుతుంది. దిగడానికి సగం సమయం చాలునని చాలామంది అనుకుంటారు గానీ, రాళ్లదారిలో అలసిన చిన్న కాళ్లతో దిగడానికి దాదాపు ఎక్కినంత సేపూ పడుతుంది. పైన ఒక గంట, ఆలస్యాలకు ఒక గంట కలుపుకుంటే చూడడానికి చిన్నదిగా కనిపించే ఈ నడకకే ఆరున్నర గంటలు కావాలి. నవంబరు, డిసెంబరు నెలల్లో పాడేరు ప్రాంతంలో సాయంత్రం ఐదున్నరకల్లా సూర్యుడు అస్తమిస్తాడు, చెట్లు కమ్ముకున్న లోయలో అంతకు ముందే చీకటి పడుతుంది. అందువల్ల ఎక్కడున్నా వెనక్కి తిరగవలసిన గంట ఒకటి ఇంట్లోనే నిర్ణయించి, దాన్ని పిల్లలకు కూడా ముందే చెప్పాలి. అప్పుడు మధ్యలో తిరిగి రావడం వాళ్లకు ఓటమిలా అనిపించదు.

ఏ కొండతో మొదలుపెట్టాలన్నది వయసును బట్టి కంటే అలవాటును బట్టి తేల్చుకోవాలి. రోజూ సాయంత్రం వీధిలో పరుగెత్తే ఐదేళ్ల పిల్ల, బడి బస్సు తప్ప ఎరగని పదేళ్ల పిల్లవాడికంటే బాగా నడవవచ్చు. మొదటి ప్రయత్నానికి, మధ్యలో వెనక్కి రాగలిగిన దారి, దగ్గరలో మనుషులు, ఫోను సిగ్నలు ఉన్నచోటు ఎంచుకోవాలి. హైదరాబాదు వాళ్లకు వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలు, భువనగిరి కోట ఇందుకు అనువైనవి. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలినాళ్ల శిక్షణ పొందింది ఈ భువనగిరి బండ మీదే. ఆ సంగతి చెబితే పిల్లలకు ఆ బండ మీద గౌరవం పుడుతుంది. అయితే అది చాలావరకు నీడలేని ఒకే ఏకశిల. ఎండాకాలంలోనే కాదు, ఫిబ్రవరి మధ్యాహ్నం కూడా రాయి కాగిపోతుంది కాబట్టి తెల్లవారుతూనే మొదలుపెట్టి పదింటికల్లా దిగిపోవాలి.

తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లలు ఎక్కే మొదటి కొండ తిరుమల. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. రెండో దారి తక్కువ దూరమే అయినా ఊపిరి తిప్పుకోనివ్వని ఏటవాలు. అలిపిరి దారిలో మొదట గాలిగోపురం దాకా బాగా ఎక్కుడు ఉండి, తరువాత చాలాదూరం సాఫీగా సాగి, చివర మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిటారవుతుంది. పిల్లల శక్తిని ఆ చివరి భాగానికి దాచి ఉంచాలి గనుక గాలిగోపురం దగ్గర అరగంట కూర్చోబెట్టడం అవసరం. 2023లో ఈ దారిలో చిరుతపులి పిల్లల మీద దాడి చేసిన ఘటనలు జరిగాయి, ఆగస్టులో ఒక చిన్నారి ప్రాణం కోల్పోయింది. ఆ తరువాత పిల్లలను మధ్యాహ్నం రెండు గంటల వరకే అనుమతించేలా దేవస్థానం ఆంక్షలు పెట్టింది. ఇలాంటి నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి బయలుదేరే వారంలో కనుక్కోవాలి. నిబంధన సడలినా సరే, ఆ దారిలో పిల్లలను చేయి పట్టుకునే నడిపించాలి, గుంపు మధ్యలోనే ఉంచాలి. చిరుత ఒంటరిగా ముందుకు పరుగెత్తిన బిడ్డనో, వెనకబడిన బిడ్డనో చూస్తుంది.

అడవి ఉన్న ఏ కొండకైనా ఇదే పద్ధతి. దారి తెలిసిన పెద్దవారు ఒకరు అందరికంటే ముందు, మరొకరు అందరికంటే వెనక నడవాలి. పిల్లలు ముందువారిని దాటకూడదు, వెనకవారి కంటే వెనకబడకూడదు. ప్రతి బిడ్డ మెడలో ఒక ఈల వేలాడాలి, అది ఆటకు ఊదేది కాదని ఇంట్లోనే నేర్పాలి. దారి తప్పానని తెలిసిన మరుక్షణం ఉన్నచోటే ఒక చెట్టును ఆనుకుని కూర్చుని, మూడేసి సార్లు ఈల ఊదుతూ ఉండాలని పిల్లల చేత ఒకటి రెండుసార్లు చేయించి చూడాలి. వెతుక్కుంటూ తిరిగే బిడ్డ కంటే కదలకుండా ఉన్న బిడ్డ త్వరగా దొరుకుతుంది. చొక్కా ఆకుపచ్చదో గోధుమరంగుదో కాకుండా ఎర్రగానో నారింజరంగులోనో ఉంటే ఇంకా నయం. అహోబిలంలో ఎగువ అహోబిలం దాటి ఉగ్రస్తంభం వైపు వెళ్లే దారి వంటి చోట్ల స్థానికుడైన దారి చూపే మనిషిని వెంట తీసుకోకుండా పిల్లలతో అడుగు పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

సామానులో అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ కాళ్లకు కావాలి. కొత్త బూట్లు కొని నేరుగా కొండకు తొడిగితే మొదటి గంటలోనే మడమ బొబ్బ ఎక్కుతుంది; కనీసం రెండు వారాలు బడికీ ఆటకీ వాటినే తొడగాలి. ముందురోజు రాత్రి కాలిగోళ్లు కత్తిరించాలి, ఎందుకంటే దిగేటప్పుడు వేళ్లు బూటు ముందుకొనకు తగిలి పొడవు గోరు చర్మంలో దిగుతుంది. లేసు కట్టే తీరు కూడా ముఖ్యం. బిడ్డను రాతి మీద కూర్చోబెట్టి, బూటు తొడిగాక మడమను నేలకు రెండుసార్లు తట్టించి, అది వెనక్కి పూర్తిగా సర్దుకున్నాక కింది నుంచి ఒక్కొక్క వరుస బిగిస్తూ రావాలి. వేళ్ల దగ్గర కొంచెం వదులుగా, చీలమండ దగ్గర గట్టిగా ఉండాలి. దిగడం మొదలుపెట్టే ముందు లేసులు విప్పి మళ్లీ ఇలాగే కట్టాలి. బిడ్డ నడకలో కొంచెం తేడా కనిపించినా, నొప్పి లేదన్నా కూడా ఆపి మేజోడు తీసి చూడాలి. చర్మం ఎర్రబడి ఉన్నప్పుడే ప్లాస్టరు టేపు అంటిస్తే బొబ్బ రాదు.

పిల్లల వీపున వాళ్ల బరువులో పదో వంతుకు మించి పెట్టకూడదు. ఇరవై కిలోల పిల్లకు రెండు కిలోలు చాలు: తన నీళ్ల సీసా, తన తినుబండారాలు, ఒక స్వెట్టరు. నీళ్లు దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు తాగించాలి. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు రెండు దగ్గర ఉంచుకుని, ప్యాకెట్టు మీద రాసిన కొలత ప్రకారమే నీళ్లు పోయాలి. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు దానికి బదులు కావు. తిండి విషయంలో మన వంటిల్లే మంచి గురువు. పులిహోర త్వరగా చెడదు, ఉప్పూ పులుపూ అందిస్తుంది. పల్లీపట్టి, వేయించిన శనగలు, ఖర్జూరం, అరటిపండు జేబులో ఇముడుతాయి. ఒకేసారి కడుపునిండా పెట్టడం కంటే ముప్పావు గంటకోసారి కొంచెం కొంచెం పెడితే పిల్లలు చిరాకు పడరు. తిరుమలలోనూ అహోబిలంలోనూ కోతులు చేతిలోని ప్లాస్టిక్ సంచిని చూస్తే మీదికి వస్తాయి కాబట్టి తిండి అంతా జిప్పు ఉన్న సంచిలోనే ఉంచాలి, అవి లాక్కుంటే వదిలేయమని పిల్లలకు చెప్పాలి.

చలిని తక్కువ అంచనా వేయడం మనవాళ్లకు అలవాటు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు ఆరు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. పాడేరు దగ్గరి వంజంగి కొండమీద మేఘాలను చూడడానికి జనం తెల్లవారుజామున నాలుగింటికే చీకట్లో ఎక్కుతారు. చెమటతో తడిసిన బిడ్డ పైన మంచులో కదలకుండా గంటసేపు నిలబడితే వణుకు పట్టుకుంటుంది. ఎక్కేటప్పుడు పలుచని చొక్కాతో నడిపించి, పైకి చేరగానే తడి చొక్కా మార్చి, ఆపైన స్వెట్టరు, మంకీ టోపీ తొడగాలి. చీకట్లో ఎక్కే గుంపులో ప్రతి బిడ్డకూ నెత్తికి కట్టుకునే టార్చి ఉండాలి, ఫోను వెలుగు సరిపోదు.

నడిపించే పద్ధతి మీదే పిల్లల ఆనందం ఆధారపడి ఉంటుంది. “నాన్నా, ఇంకెంత దూరం?” అని అడిగితే “వచ్చేశాం” అని అబద్ధం చెప్పకూడదు. రెండోసారికే పిల్లలు ఆ మాట నమ్మడం మానేస్తారు. “అదిగో, ఆ ఉసిరి చెట్టు దాకా నడుద్దాం, అక్కడ నీళ్లు తాగుదాం” అంటే కంటికి కనిపించే గమ్యం దొరుకుతుంది. శేషాచలంలో ఎర్రచందనం బెరడు తడిమి చూపించవచ్చు, పాడేరు వైపు కాఫీ తోటల్లో చెట్టుకు అల్లుకున్న మిరియపు తీగను గుర్తుపట్టమనవచ్చు. ఒకరికి సమయం చూసే పని, ఒకరికి నీళ్లు గుర్తుచేసే పని అప్పగిస్తే అది నిజమైన బాధ్యతగా ఉండాలి. నీళ్లు తాగమని బిడ్డ చెప్పినప్పుడు పెద్దలూ ఆగి తాగాలి. చీమల బారు దగ్గర పది నిమిషాలు కూర్చుంటే కూర్చోనివ్వాలి, ఆ పది నిమిషాలను లెక్కలో ముందే కలుపుకున్నాం కదా.

ఇక అపాయాల విషయానికి వస్తే, మన కొండల్లో పెద్ద జంతువుల కంటే నీళ్లూ తేనెటీగలూ పిడుగులూ ఎక్కువ హాని చేస్తాయి. జలపాతం కింది మడుగులో లోతు తెలియదు, నాచు పట్టిన బండ మీద పెద్దల కాలే నిలవదు. ఎగువన వాన కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే ప్రవాహం పెరుగుతుంది. నీళ్లు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే పిల్లలను గట్టు మీదికి చేర్చాలి. కొండచరియకూ కోట బురుజుకూ వేలాడే తేనెపట్టు కనిపించిన చోట కేకలు, పొగ, రాళ్లు విసరడం ఉండకూడదు. ఆ రోజు అత్తరు పూసుకోకపోవడం మంచిది. తేనెటీగలు లేస్తే బిడ్డ ముఖాన్ని తువ్వాలుతో కప్పి ఎత్తుకుని, ఆగకుండా దూరంగా పరుగెత్తాలి. మెరుపు కనిపించిన ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పడే దూరంలో ఉన్నట్టే. అప్పుడు శిఖరాన్నీ ఒంటరి చెట్టునూ వదిలి వెంటనే కిందికి దిగాలి. పిడుగుల హెచ్చరికలు ఇచ్చే దామిని యాప్‌ను ముందే ఫోనులో పెట్టుకోవచ్చు. పాము కాటేస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయకూడదు. ఆ కాలును కర్రతో కదలకుండా కట్టి, బిడ్డను నడవనివ్వకుండా మోసుకుంటూ దించి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. అది ఏ ఊళ్లో ఉందో బయలుదేరే ముందే తెలుసుకోవాలి. దారి పక్కన దురదగొండి కాయలు వేలాడే కాలంలో పొడుగు చేతుల చొక్కా తొడగాలి. నూగు అంటుకుంటే రుద్దకుండా, ప్లాస్టరు టేపు అంటించి లాగి తీసి, ఆ తరువాత కడగాలి.

వేసవి సెలవుల్లో పిల్లలను హిమాలయాలకు తీసుకువెళ్లేవారికి మరొక లెక్క ఉంది. సుమారు 2,500 మీటర్లు దాటాక గాలిలో ప్రాణవాయువు తగ్గిన ప్రభావం కనిపించవచ్చు. 3,583 మీటర్ల ఎత్తున్న కేదారనాథ్ వంటి చోటికి మైదానం నుంచి ఒకటి రెండు రోజుల్లో చేరడం పిల్లలకు మంచిది కాదు. 3,000 మీటర్ల పైన రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకుండా, మూడు నాలుగు రోజులకోసారి ఒక విశ్రాంతి రోజు ఉండేలా ప్రయాణం వేసుకోవాలి. చిన్న పిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. తిండి వద్దంటూ, ఆట మానేసి, కారణం లేకుండా ఏడుస్తూ, వాంతి చేసుకుంటే కొండజబ్బుగానే భావించి కిందికి దించాలి. మందు బిళ్లలు డాక్టరు చెబితే తప్ప వేయకూడదు.

ఇంటికి చేరిన రాత్రే పిల్లలకు స్నానం చేయించి, చెవుల వెనక, చంకల్లో, నడుము పట్టీ దగ్గర, గజ్జల్లో దీపం వెలుగులో చూడాలి. పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది, కుట్టిన చోట నల్లటి పెచ్చు కట్టవచ్చు. ఇది కుట్టిన వెంటనే రాదు, వారం నుంచి మూడు వారాల తరువాత కూడా బయటపడవచ్చు. మన్యం ప్రాంతాల్లో మలేరియా కూడా ఉంది. అందువల్ల తిరిగొచ్చిన నెలలోపు బిడ్డకు జ్వరం వస్తే, ఏ కొండకు ఎప్పుడు వెళ్లివచ్చారో డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి. ఆ ఒక్క సమాచారం మీదనే ఏ రక్తపరీక్షలు రాయాలో ఆయన నిర్ణయించుకోగలుగుతారు.